శివమ్మను కరిచినది

శివమ్మను విమానాశ్రయంలో పాము కరిచిందని మా డ్యూటీలో సగం మంది ఇప్పటికీ నమ్ముతారు. మిగతా సగం మంది ఆ పామును కళ్ళారా చూశామంటారు. వాళ్ళతో వాదించీ వాదించీ నా నోరు నొప్పి పెట్టింది. కరిచింది పాము కాదు, బూటు. ఎడమ కాలి బూటు. అలాంటిదే నా కాలికీ ఉండేది కాబట్టి దాని గుణం నాకు బాగా తెలుసు.

మాది టెర్మినల్‌లో శుభ్రం చేసే పని. పొద్దున డ్యూటీ ఎక్కితే సాయంత్రం దాకా నిలబడాలి, లేదంటే నడవాలి. మూడోది లేదు. హాలు నిండా మెత్తటి కుర్చీలే, కానీ అవి ప్రయాణికులవి. కాసేపట్లో విమానమెక్కి మళ్ళీ కూర్చోబోయేవాళ్ళే వాటిలో కూర్చుంటారు. మేము వాటి కింద తుడుస్తాం. పొలం పనిలో ఒళ్ళు అలిసిపోతే గట్టు మీద కూలబడొచ్చు, ఇక్కడ కూలబడితే కెమెరాలో పడతాం.

మమ్మల్ని పనికి పెట్టుకున్న కాంట్రాక్టు కంపెనీ చీర ఇవ్వదు కానీ ప్యాంటూ చొక్కా ఇస్తుంది, వాటితోపాటు నల్ల బూట్లు ఇస్తుంది. ఆ బూట్లను దూరం నుంచి చూస్తే తోలు అనుకుంటారు. వేసుకుంటే రేకు అనుకుంటారు. ముందు భాగం సన్నగా ఉండి వేళ్ళన్నిటినీ ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తుంది. వెనక మడమ దగ్గర ఒక అట్టముక్క పెట్టి రెండు పిన్నులు కొట్టారు. మొదటి వానకే అట్ట నానిపోయి పిన్నులు లోపలికి తొంగి చూస్తాయి. మేము దూది పెట్టాం, ప్లాస్టర్లు అంటించాం, కొబ్బరినూనె రాశాం, కొవ్వొత్తి రుద్దాం. బూటు మెత్తబడలేదు, మా కాళ్ళే గట్టిపడ్డాయి.

మరి చెప్పుకోవచ్చు కదా అంటారా? మాకంటే ముందు ఇద్దరు ఆడవాళ్ళు చెప్పుకున్నారు. మా మేనేజరు అరుణ్‌కుమార్ గారిది కృష్ణా జిల్లా. మాటకు ముందొక అండీ, వెనకొక అండీ. ఆయన వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి టీ ఇప్పించి, "మీ కాళ్ళకు ఇబ్బందిగా ఉంటే మాకూ బాధగానే ఉంటుందండీ. మీకు ఎక్కడైనా కూర్చుని చేసే పని దొరకాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నామండీ" అన్నారు. మర్నాటి నుంచి వాళ్ళు డ్యూటీలో లేరు. అంత మర్యాదగా ఉద్యోగం తీసేసేవాడిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ తర్వాత మాలో ఎవరికీ కాళ్ళు నొప్పి పెట్టలేదు.

శివమ్మ నాకంటే పెద్దది, నేను అక్కా అంటాను. ఆమె అత్తగారి జొన్నచేను ఒకప్పుడు ఇక్కడే ఉండేది. "గా కాఫీ కొట్టున్నది సూడు, గాడ్నే మా మంచె ఉండె" అని నేల తుడుస్తూ చూపించేది. ఆ చేలో ఉత్త కాళ్ళతో తిరిగి పిట్టలను అదిలించిన మనిషి, అదే జాగాలో ఇప్పుడు బూట్లేసుకుని కాఫీ మరకలు తుడుస్తోంది. ఆమె భర్త కుర్మయ్య కాటేదాన్‌లో గోదాముల్లో మూటలు మోసేవాడు. నడుము పడిపోయి ఇంటి దగ్గరే ఉంటున్నాడు. ఇల్లు గడిచేది శివమ్మ జీతం మీదే. ఆ నెలాఖరుకు మా కాంట్రాక్టు తిరగరాస్తారు. ఎవరుంటారో ఎవరు కూర్చునే పని వెతుక్కోవాలో అప్పుడు తేలుతుంది. శివమ్మకు భయమంతా అదే.

వాన పడ్డ ఒక సాయంత్రం డ్యూటీ దిగి, స్టాఫ్ బస్సు కోసం గడ్డి పక్కన నడుస్తుంటే ఆమె బూటులోని పిన్నులు రెండూ మడమలోకి దిగాయి. అమ్మా అని అక్కడే కూలబడింది. నేను బూటు ఊడబీకాను. తెల్లారేసరికి కాలు వాచిపోయి అడుగు పెట్టలేకపోయింది. సెలవు అడగాలి. అడగాలంటే మా డ్యూటీ గ్రూపులో పెట్టాలి, ఆ గ్రూపులో మేనేజరు ఉంటాడు. బూటు మాట ఎత్తితే పని పోతుంది. శివమ్మ చాలాసేపు ఆలోచించి, బూటు అన్న మాట లేకుండా, అబద్ధం కూడా లేకుండా, మా సూపర్‌వైజరు జగదీశ్‌కు గ్రూపులో గొంతు మెసేజి పంపింది.

"జగదీశ్ సారూ, నిన్న డ్యూటీ దిగినంక గా గడ్డి కాడ కాలుకు కరిసింది. బాగ వాసింది. అడుగు పెట్టస్తలేదు. ఇయ్యాల రాలేను సారూ."

ఏం కరిచిందో చెప్పలేదు. అదే కొంప ముంచింది. జగదీశ్‌ది పక్క ఊరే. మా దిక్కున పాము కరిస్తే పాము అని పేరెత్తరు, ఎత్తితే విషం ఎక్కుతుందని భయం. పురుగు ముట్టింది అంటారు, అదీ నోరు రాకపోతే ఊరికే కరిసింది అంటారు. పేరెత్తలేదంటే అదే అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. గడ్డి దగ్గర కరిచింది, వాచింది, ఆమె పేరెత్తలేదు. శివమ్మ కంపెనీ భయంతో మింగేసిన మాటను జగదీశ్ పాము భయంతో పూరించుకున్నాడు. గ్రూపులో ఒకడు దండం పెట్టిన బొమ్మ పంపాడు, ఇంకొకడు పసరు వైద్యుడి నంబరు పంపాడు. నేను చూసుకునేసరికి మేనేజరు జగదీశ్‌ను వెంటబెట్టుకుని కంపెనీ బండిలో శివమ్మ ఇంటికి బయలుదేరాడు. ఇల్లు చూపించడానికి నన్ను కూడా ఎక్కించుకున్నారు.

దారి పొడుగునా చెబుదామనే అనుకున్నాను. కానీ ఆయన ఒళ్ళో పళ్ళ బుట్ట ఉంది. మా కంపెనీ మాకు పళ్ళు తేవడం అదే మొదటిసారి, నాకు నోరు రాలేదు.

శివమ్మ మంచం మీద కాలు చాపుకుని ఉంది. అరుణ్‌కుమార్ గారు గుమ్మం బయట తన బూట్లు విప్పారు. నేను వాటినే చూశాను. గోధుమరంగువి, మెత్తనివి, ముందు వెడల్పుగా ఉన్నాయి.

"ఎలా ఉన్నారండీ? ఆసుపత్రికి వెళ్ళారా?"

"పొద్దుగాల్నే పోయినం సార్. సూది ఇచ్చిండ్రు" అన్నాడు కుర్మయ్య. అది ఇనుము గుచ్చుకుంటే ఇచ్చే సూది. ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు.

"గాయం ఒకసారి చూడవచ్చాండీ?"

శివమ్మ కట్టు కొంచెం జరిపింది. మడమ మీద పక్కపక్కనే రెండు చిన్న గాట్లు. పిన్నులు రెండు కదా మరి. జగదీశ్ అడుగు వెనక్కి వేశాడు. మేనేజరు ముఖంలో రంగు పోయింది. ఫోన్‌తో ఫొటో తీసుకుని, "భగవంతుడా" అన్నాడు.

"సార్, గది పాము..." అని శివమ్మ చెప్పబోయింది. కాదు అన్న మాట ఇంకా నోట్లోనే ఉంది.

"వద్దండీ, వద్దు. ఆ పేరు ఎత్తకండి" అని ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "మీ ప్రాంతంలో ఎత్తరట కదా, జగదీశ్ దారిలో చెప్పాడు. మీ ఆచారాలను మేము గౌరవిస్తామండీ. నయమయ్యేదాకా జీతంతో సెలవు తీసుకోండి. మన ఆవరణలో జరిగింది కదా, మా బాధ్యత."

బండి వెళ్ళిపోయాక శివమ్మ ఒక దానిమ్మ పండు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.

"వినీలా, అబద్ధమాడినట్టాయె గదనే."

"నువ్వేం ఆడినవక్కా? కరిసింది అన్నవ్. కరిసింది. ఇగ వాళ్ళకేం సమజైందో మనకేం ఎరుక?"

"తెలిస్తె?"

"తెలిస్తె కూసోని చేసే పని దొరకాల్నని కోరుకుంటరు" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆమె నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. బూటు కరిచిందని చెబితే నిలబడలేని మనిషని తీసేస్తారు, పాము కరిచిందని ఊరుకుంటే పళ్ళు తెస్తారు.

మర్నాడు పాములు పట్టే నరేందర్‌ను పిలిపించారు. అతను గడ్డి అంతా గాలించి ఒక జెర్రిపోతును పట్టాడు. ఎలుకలను తిని బతికేది, ఎవరి జోలికీ పోనిది. "దీనికి విషం లేదు సార్" అని అందరి ముందే చెప్పాడు కూడా. "నిందితుడు ఎప్పుడూ అలాగే కనిపిస్తాడండీ" అన్నట్టు చూశాడు మేనేజరు. దాన్ని సంచీలో వేసి, ఫొటో తీసి, ఎక్కడో దూరపు అడవిలో వదిలిపెట్టమని బండి ఇచ్చి పంపారు. గడ్డి నున్నగా కొట్టించారు. ఆ ఫొటో మా గ్రూపులో పడింది. కంపెనీ విచారణ ఇంత త్వరగా పూర్తవుతుందని మాకు అంతవరకు తెలియదు.

ఆ ఫొటో చూసినప్పటి నుంచి శివమ్మకు అన్నం సయించలేదు. "దాని జాగల అది ఉండె. నా నోటి మాటకు దాన్ని ఎళ్ళగొట్టిరి" అనేది. పాము గురించి అంత బాధేమిటని మొదట నేను విసుక్కున్నాను. తర్వాత కాఫీ కొట్టు దగ్గరి మంచె గుర్తొచ్చి ఊరుకున్నాను.

వాపు తగ్గాక ఆమె మళ్ళీ అదే బూటు వేసుకుని వెళ్తుందని నాకు తెలుసు. అందుకే శంషాబాద్ బస్టాండు దగ్గర ప్రేమ్ రాజ్ దుకాణానికి తీసుకెళ్ళాను. ప్రేమ్ రాజ్ మా చర్చి మనిషే. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటాడు కానీ బేరంలో మూసుకోడు. మేము సాయంత్రం వెళ్ళాం, అదీ నేను పట్టుబట్టి. పొద్దున కొన్న బూటు సాయంత్రానికి బిగుసుకుంటుంది, ఎందుకంటే రోజంతా నిలబడ్డ కాలు ఉబ్బుతుంది. సెలవులో ఉన్న శివమ్మ కాలు ఉబ్బే అవకాశం లేదు కాబట్టి బస్టాండు నుంచి పాత బెంగళూరు రోడ్డు వెంట ఆమెను కాసేపు అటూ ఇటూ నడిపించాను.

"పాము కరిసినోళ్ళను గిట్ల తిప్పుతరానే?" అంది శివమ్మ కుంటుతూ.

"బూటు కరిసినోళ్ళను తిప్పుతరు. నడువు."

ప్రేమ్ రాజ్ ముందుగా ఆడవాళ్ళ బూట్లు తీశాడు, గులాబీ గీతలవి. "దూది లెక్క ఉంటది అక్కా, మబ్బుల మీద నడిసినట్టే" అని అడుగు భాగాన్ని బొటనవేలితో నొక్కి చూపించాడు. నేను ఆ బూటు తీసుకుని రెండు చేతులా వంచాను. రొట్టెలా నడిమికి మడతపడింది.

"ప్రేమ్ రాజన్నా, గిది మబ్బే. నెల తిరిగేసరికి కరిగిపోతది. కాలి వేళ్ళు ఎక్కడ వంగుతయో బూటు గక్కడ వంగాలె, నడుమల గాదు. ఊకె మెత్తగుంటే పొద్దూకేవరకు పిక్కలు గుంజుతయి."

"నీకన్ని తెలుసు అక్కా, దుకాణం నువ్వే పెట్టుకోరాదూ" అని ఆయన అటకెక్కాడు.

అన్నీ నాకు తెలిసి కాదు. మూడేళ్ళుగా నా కాళ్ళు నాకు చెప్పిన సంగతులవి. ఆడవాళ్ళ బూట్లు ముందు సన్నగా ఉంటాయి, ఎవరి కాళ్ళ కోసం కుడతారో దేవుడికే తెలియాలి. చేలో తిరిగిన శివమ్మ పాదం చేటంత వెడల్పు. మగవాళ్ళ బూట్లలో చిన్న సైజు తీయించాను. డ్యూటీకి వేసుకునే సాక్సులే వేయించి, రెండు కాళ్ళకూ తొడిగించి నిలబెట్టాను. ఒక కాలు ఇంకో కాలంత ఉండదు, పెద్దదాని మాటే వినాలి. బొటనవేలి ముందు నా వేలు పట్టేంత ఖాళీ ఉందా, నడిస్తే మడమ జారుతోందా అని చూశాను. చివరకు బూటు విప్పించి లోపల చెయ్యి పెట్టి కుట్లన్నీ తడిమాను, ఎక్కడైనా ఏదైనా గుచ్చుకుంటుందేమోనని. అడుగు భాగం అతికించిందేనా, చుట్టూ కుట్టిందా అని గోటితో లాగి చూశాను. అప్పటికి ప్రేమ్ రాజ్ ముఖం వాడిపోయింది.

నాలుగో జత నల్లది, తేలికది, ముందు వెడల్పు. శివమ్మ వేసుకుని దుకాణంలో ఆ చివరికీ ఈ చివరికీ నడిచింది. అద్దం ముందు ఆగింది కానీ అద్దంలో చూసుకోలేదు, కిందికి చూసుకుంది.

"ఎట్లున్నది అక్కా?"

"ఏం అనిపిస్తలేదు" అంది నెమ్మదిగా. "ఉన్నట్టే లేదు వినీలా. ఎన్నడు గూడ ఎవరు నన్ను ఎట్లున్నదని అడగలే." ఆమె కళ్ళలో నీళ్ళు చూసి ప్రేమ్ రాజ్ ధర తగ్గించాడు. వెంటనే తప్పు చేశానన్నట్టు నాలుక కరుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే జగదీశ్ లోపలికొచ్చాడు, కొడుక్కు స్కూలు బూట్లకోసం. పాము కరిచి మంచంలో ఉండాల్సిన మనిషి దుకాణంలో కొత్త బూట్లు వేసుకుని నడుస్తోంది. పని పోయిందనే అనుకున్నాను. శివమ్మ గోడ పట్టుకుంది.

జగదీశ్ ఆమె ముఖం చూశాడు, కాళ్ళు చూశాడు, చేతిలోని డబ్బా చూశాడు. "భయమైతున్నదా అక్కా?" అన్నాడు జాలిగా. "పరేషాన్ కాకు. మళ్ళ కరవద్దని బూట్లు కొంటున్నవ్ గదా. సార్‌కు చెప్త."

అతను నిజంగానే చెప్పాడు. పాము భయంతో మా శివమ్మక్క సొంతంగా బూట్లు కొనుక్కుంటోందని. అరుణ్‌కుమార్ గారి మనసు కరిగిపోయింది, బుర్ర పని చేయడం మొదలుపెట్టింది. నెలాఖరుకు ముందే కంపెనీ భద్రతా దినం ప్రకటించింది. ఆడవాళ్ళందరికీ కొత్త బూట్లు. పిక్కల దాకా ఎత్తువి, పాము కోర దిగనంత మందమైనవి. ముందు వేళ్ళ మీద ఇనుప టోపీ. మొదటి జత వేదిక మీద శివమ్మకే తొడిగిస్తారట.

శివమ్మ మళ్ళీ డ్యూటీకి వచ్చిన రోజే ఆ బూట్ల డబ్బాలు దిగాయి, ఒకటి తెరిచి బూటు చేత్తో ఎత్తి చూశాను. పాపం పాము, దాని కోర దిగకపోవడం నిజమే. దానిలో మా కాలు కూడా దిగేలా లేదు. అవి వేసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గ్రానైటు మీద నడవాలి. ఆడవాళ్ళందరూ నా వైపు కాదు, శివమ్మ వైపు చూశారు. అందరికీ తెలుసు, ఇదంతా ఆమె కాలు తెచ్చిందే. ఆ చూపులు తట్టుకోవడం ఆమెకు బూటు కంటే కష్టమైంది.

కార్యక్రమం స్టాఫ్ క్యాంటీన్‌లో. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, ఆ ఒక్కరోజు మేము కూర్చోవచ్చు. వేదిక వెనక పెద్ద బ్యానరు మీద జెర్రిపోతు ఫొటో. శివమ్మ తన మెత్తటి బూట్లు విప్పి నా చేతికిచ్చి పైకి ఎక్కింది. జగదీశ్ వంగి కొత్త బూట్లు తొడిగాడు, తాళ్ళు బిగించాడు. చప్పట్లు.

"ఒకసారి నడిచి చూపించండి శివమ్మ గారూ" అన్నాడు మేనేజరు.

ఆమె నాలుగడుగులు వేసింది. మడమ ఇంకా పూర్తిగా మానలేదు. బూటు వెనక అంచు సరిగ్గా అక్కడే ఒరుసుకుంటోందని ఆమె పెదవి చూస్తేనే తెలుస్తోంది. మేనేజరు మైకు ఆమె నోటి ముందు పెట్టాడు. "ఎలా ఉన్నాయండీ?"

వినీలా, నువ్వైతే ఏమనేదానివి అని నన్నడిగితే, మంచిగున్నయి సార్ అనేదాన్ని. ఆ ఒక్క మాట అంటే కాంట్రాక్టు ఖాయం, కుర్మయ్య మందులు ఖాయం. నిజం చెబితే రెండు తప్పులు బయటపడతాయి. బూటు కరిచిందన్నది ఒకటి, పాము పేరుతో సెలవు తీసుకుందన్నది ఇంకొకటి. అనక్కా, మంచిగున్నయను అని లోపల్లోపల బతిమాలుకున్నాను. శివమ్మ కింద కూర్చున్న మా అందరినీ చూసింది. కూర్చున్నా కూడా సగం మందిమి ఒక బూటు విప్పి పాదం ఆరబెట్టుకుంటున్నాం.

"కరిసింది సార్" అంది.

మేనేజరు మైకును ఇంకా దగ్గరికి జరిపాడు. "ఏమన్నారండీ?"

"మళ్ళ కరిసింది సార్. మొన్న గూడ పాము గాదు సార్..."

పాము అన్న మాట మైకులో మోగిందో లేదో, వెనక వరుసలో ఎవరో కెవ్వుమన్నారు. కుర్చీలు పడ్డాయి. గాదు అన్నది ఎవరికీ వినపడలేదు. శివమ్మ ఇంకా గట్టిగా అరిచింది. "బూట్లనే ఉన్నది సార్! అంత బూట్లనే ఉన్నది!"

అంతే. "బూట్లో ఉందట!" అని జగదీశ్ ఎగిరి టేబులెక్కాడు. అరుణ్‌కుమార్ గారు కుర్చీ ఎక్కారు. ఇద్దరు సెక్యూరిటీవాళ్ళు శివమ్మను కూలేసి ఆ బూటును లాగి విసిరేశారు. అది క్యాంటీన్ మధ్యలో పడింది. మా వైపర్లు తీసుకుని, మేము రోజూ నేల తుడిచే వైపర్లు, వాటితో ఆ బూటును చావబాదారు. అది పాడు కావడానికి చాలాసేపు పట్టింది. మన్నిక విషయంలో దాన్ని తప్పు పట్టలేం. బాదినవాళ్ళలో నేనూ ఉన్నాను. నాకు తెలుసు దానిలో ఏమీ లేదని, అయినా చేతికందిన దెబ్బ వదులుకోబుద్ధి కాలేదు. కాసేపటికి చూస్తే ఆడవాళ్ళందరూ వరుసకట్టి తలో దెబ్బా వేస్తున్నారు.

లోపల పాము దొరకలేదు. గొడవలో తప్పించుకుందని సెక్యూరిటీవాళ్ళిద్దరూ ప్రమాణం చేశారు. ఒకడు తోక చూశాడు.

మర్నాడు శివమ్మ ఒంటరిగా మేనేజరు గదికి వెళ్ళింది. ఇగ దాచను, పోతే పోనీ అని నాతో చెప్పే వెళ్ళింది. తలుపు సందులోంచి విన్నాను. పిన్నుల సంగతి, వాన సంగతి, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన టీ తెప్పించాడు. టీ అనగానే నాకు వెనకటి ఆ ఇద్దరు ఆడవాళ్ళు గుర్తొచ్చారు.

"శివమ్మ గారూ, రెండుసార్లు మృత్యువు అంచుల దాకా వెళ్ళొచ్చారు. ఇలాంటప్పుడు మనసు ఏవేవో ఊహించుకుంటుందండీ. పాపం బూటునే అనుమానిస్తున్నారు మీరు. విశ్రాంతి తీసుకోండి. మీ కాంట్రాక్టు గురించి దిగులు పడకండి, మీలాంటి ధైర్యవంతులను మేము వదులుకోమండీ."

బయటికి వచ్చిన శివమ్మ ముఖం చూస్తే పని పోయిందనుకున్నాను. "ఉన్నది" అంది. "పని ఉన్నది. నేనే లేను. నా మాట ఒక్కడన్న వినలే."

ఆ వారమే కంపెనీ ఆదేశం గోడకంటింది. ఎత్తు బూట్లలో పాములు దాగే ప్రమాదమున్నందున వాటిని రద్దు చేయడమైనది. పాత బూట్లు కూడా లోపలి భాగం సరిగా కనిపించనందున వాడరాదు. సిబ్బంది ఎవరికి వారు, తక్కువ ఎత్తు, విశాలమైన ముందు భాగం, మెత్తగా వంగే అడుగు గల నల్లని బూట్లు సొంతంగా ఎంచుకోవచ్చును. ధరించే ముందు ప్రతిరోజూ తలకిందులు చేసి దులిపి, లోపల చేతితో తడిమి చూడవలెను. నేను ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను. మేము నోరు తెరిచి అడిగితే ఉద్యోగం పోయే కోరికలన్నీ పాము నోరు తెరవకుండానే ఇప్పించింది.

ప్రేమ్ రాజ్ దుకాణం ముందు బోర్డు వెలిసింది: పాము దూరని బూట్లు ఇచ్చట లభించును. సాయంత్రాలు మాత్రమే రావలెనని కింద చిన్న అక్షరాల్లో రాయించాడు. అది నా సలహానే, నాకు మాత్రం ఒక్క సాక్సు జత కూడా ఇవ్వలేదు. ఇప్పుడు మా ఆడవాళ్ళందరూ డ్యూటీ ఎక్కే ముందు జగదీశ్ ఎదుట వరుసగా నిలబడి బూట్లు తలకిందులు చేసి టకటకా కొడతారు. మేము చేతులతో తడిమేది పిన్నుల కోసం, అతను కళ్ళతో వెతికేది పాము కోసం. ఎవరి భక్తి వాళ్ళది.

శివమ్మ ఒక్కతే నవ్వలేదు. శ్రావణంలో నాగుల పంచమి నాడు పొద్దున్నే పాలు తీసుకుని ఊరవతల పుట్ట దగ్గరికి బయలుదేరింది, అక్కడి నుంచే డ్యూటీకి పోదామని నన్నూ రమ్మంది. మేము పుట్టలకు పాలు పోయం, కానీ ఆమె బూట్లు ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని నేను వెళ్ళాను. దూరంగా నిలబడి రెండు బూట్లూ చంకలో పెట్టుకున్నాను. ఆమె ఉత్త కాళ్ళతో తడి మట్టిలో నడిచి వెళ్ళి, పాలు పోసి, పుట్ట ముందు వంగి కూర్చుంది. గొంతు తగ్గించలేదు, నాకన్నీ వినపడ్డాయి.

"నాగన్నా, తప్పు కాయి. మీరు నన్ను కరవలే. చేను ఉన్నప్పుడు మీ మీద అడుగేసి పోయిన రోజులున్నయి, అప్పుడు గూడ కరవలే. నీ బిడ్డను దాని జాగల నుంచి ఎళ్ళగొట్టిరి, నా నోటి మాటకు. ఎళ్ళగొడితె ఎట్లుంటదో నాకు ఎరుకే. యాడున్నదో, ఏం తింటున్నదో. దాని ఉసురు నాకు తగలనీయకు."

నాకు దుఃఖం వచ్చింది. పాముకోసం ఏడుస్తున్నానో శివమ్మకోసమో అప్పుడు తెలియలేదు.

ఆమె వచ్చి పాదాలు చీర కొంగుతో తుడుచుకుంది, డ్యూటీ ప్యాంటూ చొక్కా సంచీలో ఉన్నాయి. బూట్లు అందించాను. వేసుకునే ముందు తలకిందులు చేసి నెమ్మదిగా కొట్టింది, లోపల చెయ్యి పెట్టి చివరి దాకా తడిమింది.

"ఈడ జగదీశ్ లేడు గదక్కా" అన్నాను. "ఎవరికి సూపెడ్తున్నవ్?"

"ఎవరికి గాదు" అంది శివమ్మ. "వాపసొచ్చిందేమో అని సూస్తున్న."